పోగులూ పళ్ళేలూ

మా ఊరి పేరు చెప్పగానే ఎదుటి మనిషి చెయ్యి జేబు మీదికి పోద్ది. ఆడమనిషైతే మెళ్ళో గొలుసు మీదికి పోద్ది. వాళ్ళు కావాలని చేస్తారని నేననను. చెయ్యి దానంతటదే పోద్ది. ఆ తర్వాత నవ్వుతారు. 'ఓ, మీరు అక్కడివారా? సినిమాల్లో చూశాం' అంటారు. రైల్లో ఇట్టాగే, ఆఫీసులో ఇట్టాగే, అద్దె ఇంటికి పోయి అడిగితే ఇట్టాగే. నాకు అరవై ఏళ్ళు దాటినయ్. ముప్పయ్యేళ్ళ పైచిలుకు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ కొత్త మనిషి ఎదురైతే నేను ముందు చూసేది మొహం కాదు, చెయ్యి.

నా ఊరు స్టూవర్టుపురం. బాపట్లకీ చీరాలకీ మధ్య, బెజవాడ నుంచి మద్రాసు పోయే రైలు లైను మీద ఉంది. మేం ఎరుకలోళ్ళం. సర్కారు కాగితాల్లో షెడ్యూల్డు తెగ. జనం నోట్లో దొంగలం. మాల మాదిగ వాడల అన్నలూ అక్కలూ అంటరానితనం గురించి రాశారు, రాస్తున్నారు. మాకు దాంతోపాటు ఇంకోటి కూడా ఉంది. దాన్ని నేను నమ్మరానితనం అంటాను. వాళ్ళని దూరంగా ఉంచమని చెప్పిన సమాజమే మమ్మల్ని కనిపెట్టి ఉండమని చెప్పింది.

నేనిక్కడ చెప్పబోయేది తిండి సంగతి. 2024 ఆగస్టులో హైదరాబాదులో, జూబ్లీహిల్స్ లో ఒక ఖరీదైన హోటల్లో, నా చిన్ననాటి స్నేహితురాలితో కూర్చుని తిన్న ఒక రాత్రి తిండి సంగతి. దానికి ముందు మా ఊరికి ఆ పేరెట్టా వచ్చిందో కాస్త చెప్పాలి. అది తెలియకపోతే ఆ రాత్రి ఆమె నన్నడిగిన మాట బరువు మీకు తెలవదు.

మా ముత్తాతల కాలంలో మాకు ఊరు లేదు. దారి ఉండేది. సముద్రం ఒడ్డు ఉప్పును ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి ఊళ్ళకు పోయేవాళ్ళు. అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవాళ్ళు. ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, దబ్బ ఎరుకలు అని మాలో ఉన్న తెగల పేర్లే మా పనులు చెబుతయ్. మొగోళ్ళు సరుకు తోలితే, ఆడోళ్ళు తట్టలల్లేవాళ్ళు, ఊరూరా ఎరుక చెప్పేవాళ్ళు. తర్వాత రైలొచ్చింది. వంద ఎద్దులు మోసే ఉప్పును ఒక్క పెట్టె మోసుకుపోయింది. ఉప్పు మీద తెల్లోళ్ళ పెత్తనమొచ్చింది. 1876లో మొదలైన పెద్ద కరువు మిగిలిన పశువుల్ని తినేసింది. మోసే సరుకు పోయింది గానీ మా కాళ్ళు తిరగడం మానలా. సరుకుతో తిరిగితే వర్తకుడు, సరుకు లేకుండా తిరిగితే దొంగ. సర్కారు లెక్క ఇదే.

1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీక్కూడా పట్టుకొచ్చారు. ఈ చట్టం కింద మనిషి నేరం చెయ్యనక్కర్లేదు, ఆ తెగలో పుడితే చాలు. పేరు రిజిస్టర్లో ఎక్కిస్తారు. వేలిముద్రలు తీసుకుంటారు. వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బళ్ళల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. అంతకు రెండేళ్ళ ముందే, 1909లో, థర్స్టన్ దొర దక్షిణ దేశపు కులాల మీద అచ్చేసిన పుస్తకాల్లో మా పెళ్ళిళ్ళు ఎట్టా జరుగుతయ్యో, మేం కన్నాలు ఎట్టా వేస్తామో ఒకే వరసలో రాసిపెట్టారు. తర్వాత చదువుకున్నోళ్ళందరికీ అదే మా చరిత్ర అయింది.

1913 ప్రాంతంలో, ఆ చట్టం కింద పట్టుకొచ్చినోళ్ళని ఉంచడానికి మా సెటిల్మెంటు కట్టారు. నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. సీతానగరం, కప్పరాళ్ళతిప్ప, సిద్ధాపురం కూడా అట్టా పుట్టినయ్యే. మద్రాసు ప్రభుత్వంలో హెరాల్డ్ స్టూవర్టు అనే పెద్ద అధికారి ఉండేవాడు. ఆయన పేరు మా ఊరికి పెట్టారు. చీరాలలో పొగాకు కంపెనీకి, అదే ఐఎల్‌టిడికి, మా సెటిల్మెంటు నుంచి కూలోళ్ళు పోయేవాళ్ళు. ఈ సంగతులన్నీ మీనా రాధాకృష్ణ గారు ఆనాటి సర్కారు కాగితాలు వెతికి 2001లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చారు. చదువుకునే పిల్లలు దాన్ని చదవాలి. మనిషిని కట్టేసే చట్టానికీ, కూలికి మనుషులు కావాల్సిన కంపెనీకీ మధ్య చుట్టరికం ఎట్టా కలిసిందో అందులో తెలుసుద్ది.

మా నాయనమ్మ ఆ చీటీల కాలం మనిషి. ఆమె చెల్లెలి పెళ్ళి వేరే ఊళ్ళో జరిగింది. చీటీ అడిగితే ఇచ్చారు గానీ, ఎన్ని గంటలకు పోవాలో ఎన్ని గంటలకు తిరిగి రావాలో అందులో రాసిచ్చారు. తాళి కట్టడం చూసింది. పంక్తి వేసేటప్పటికి హాజరు వేళ దగ్గర పడింది. ఆకు ముందు నుంచి లేచొచ్చేసింది. 'చెల్లెలి పెళ్ళి చూశానే, పెళ్ళి కూడు తినలా' అనేది. ముసలితనంలో చాలా సంగతులు మర్చిపోయింది గానీ ఈ ఒక్కటి మర్చిపోలా.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో తీసేశారు. 1952లో దేశమంతా తీసేశారు. ఆగస్టు 31ని విముక్తి దినం అంటున్నాం. అటు తలుపు తీసి ఇటు గొళ్ళెం పెట్టినట్టు, అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినయ్. ఆంధ్రప్రదేశ్ లో 1962లో చేశారు. ఇందులో తెగ పేరు లేదు, మనిషి పేరే ఉంటది. అయితే పోలీసోళ్ళకు ఆ మనిషి కోసం ఎక్కడ వెతకాలో చెప్పే పని మాత్రం మా ఊరి పేరు చేస్తానే ఉంది.

మా ఊళ్ళో దొంగలు లేరని నేను చెప్పను. ఉన్నారు. దొంగలు లేని ఊరు మీకు తెలిస్తే నాకు చూపించండి. బ్యాంకుల్ని ముంచి దేశాలు దాటిపోయినోళ్ళున్నారు. వాళ్ళ ఊరి పేరు చెబితే ఎవరి చెయ్యీ జేబు మీదికి పోదు.

ఇక నా స్నేహితురాలి సంగతి. ఆమె పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుసుద్ది.

మా ఇళ్ళు పక్కపక్కనే. మా అమ్మా వాళ్ళమ్మా ఒకే చెట్టు కింద కూర్చుని ఈత బరిగెలతో తట్టలల్లేవాళ్ళు. బరిగెలు నానబెట్టడం, చీల్చడం మాకిద్దరికీ పని. వేళ్ళు కోసుకుపోయేయి. అమ్ముడుపోయిన రోజు బియ్యం, పోని రోజు గంజి. మా దొడ్డెనక పందులుండేయి. పండక్కో, ఎవరింట్లో అన్నా శుభం జరిగితేనో పందిని కోసేవాళ్ళు. తాటాకు మంట మీద బొచ్చు కాల్చి, కడిగి, ముక్కలు కొట్టి, తాటాకు చాప మీద పోగులు పెట్టేవాళ్ళు. పోగంటే ఒక ఇంటి వాటా. మెత్తని ముక్క ఒక పోగులో ఎక్కువ పడితే తీసి ఇంకో పోగులో వేసేవాళ్ళు. కొవ్వు కూడా అన్నిట్లో సమానంగా పడాల్సిందే. మొగుడు చచ్చినామె ఇంటికి పోగుండేది. డబ్బు తర్వాత ఇస్తామన్నోళ్ళకూ ఉండేది. జైల్లో ఉన్నోడి ఇంటికి కూడా పోగు పడేది. 'లేనోడి పోగు ముందు తీసిపెట్టండి' అని పెద్దోళ్ళు అరిచేవాళ్ళు. ఆ పోగులు ఇళ్ళకు చేర్చే పని పిల్లలది. నేనూ ఆమే తాటాకు దొన్నెలు పట్టుకుని వీధంతా పరిగెత్తేవాళ్ళం.

ఆ కూర రుచి నేను రాయలేను. కానీ ఆ కూర వాసన వల్ల పడ్డ మాటలు రాయగలను. బడికి పోతే పక్కన కూర్చున్నోళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. పండగైన మర్నాడు మేం వేపాకు నమిలి బడికి పోయేవాళ్ళం.

ఇంటరు చదవడానికి ఇద్దరం ఒక పట్నంలో హాస్టల్లో చేరాం. ఒక రోజు ఒకమ్మాయి చెవి కమ్మ కనబడలా. హాస్టల్లో అరవై మంది ఆడపిల్లలున్నారు. రెండు పెట్టెలే తెరిచి చూశారు. ఒకటి నాది, ఒకటి ఆమెది. మా బట్టలు, లోపలి బట్టలతో సహా, వరండాలో పోసి వెతికారు. సాయంత్రానికి ఆ కమ్మ ఆ అమ్మాయి దిండు గలీబులోనే దొరికింది. అప్పుడు కూడా ఎవరూ ఏమీ అనలా. మా బట్టలు మేమే మడత పెట్టుకున్నాం. ఆమె ఒక్క మాట మాట్లాడలా, ఏడవలా. ఆ మర్నాటి నుంచి ఎవరు అడిగినా ఆమె ఊరు బాపట్ల అయింది. నేను మాత్రం మొండికేశాను. అడిగిన ప్రతి ఒక్కరికీ స్టూవర్టుపురమే అని చెప్పాను. నాది ధైర్యమనీ ఆమెది పిరికితనమనీ మీరు అనుకోవద్దు. ఇద్దరి మీదా పడింది ఒకటే దెబ్బ. తగిలిన తీరు వేరు.

ఆమె బాగా చదివింది. బ్యాంకు ఉద్యోగం వచ్చింది. ఊళ్ళూ రాష్ట్రాలూ తిరిగి మేనేజరై రిటైరైంది. భర్త మావోడే, నెల్లూరు వైపు మనిషి, ఇంజినీరు. కూతురు సాఫ్టువేరు ఉద్యోగం. హైదరాబాదులో పెద్ద అపార్టుమెంటు. ఏడాదికో రెండేళ్ళకో ఫోను చేసుకునేవాళ్ళం. వాళ్ళమ్మ పోయినప్పుడు ఊరొచ్చింది. చీకటితో వచ్చి చీకటితో పోయింది.

నేను హైదరాబాదు మీటింగుకు పోతే ఫోను చేసింది. 'ఏమే, రాత్రికి నాతో తినాల. మా ఇంటికి కాదు, బయట తిందాం' అన్నది. ఇంటికెందుకు కాదో నేనడగలా.

ఆ హోటలు బయటికి హోటల్లాగా లేదు. పాత బంగళా లాగుంది. లోపల వెలుతురు తక్కువ. బల్లల మీద బట్టలు లేవు. గోడలకు గిలాబు చెయ్యకుండా ఇటుక కనిపించేలా వదిలేశారు. మా ఊళ్ళో డబ్బు చాలక అట్టా వదిలేస్తాం. తలెత్తి చూస్తే దీపాలకు గొడుగుల్లాగా ఈత తట్టలు వేలాడదీసున్నయ్. వెదురు గంపలు గోడకు బిగించారు. నేను లెక్కపెట్టాను, పద్నాలుగు. అంచు మడిచిన తీరు చూస్తే చేతితో అల్లినయ్యే. 'మీ అమ్మ చూస్తే ఎంత పడుద్దో అడిగేది' అన్నాను. ఆమె నవ్వింది గానీ గొంతు తగ్గించమన్నట్టు కళ్ళతో చెప్పింది.

కార్డు తెచ్చిచ్చారు. అన్నం, కూర, పప్పు అని వరస లేదు. అన్నీ చిన్న చిన్న పళ్ళేలు. ఒకటొకటిగా తెస్తారంట, మధ్యలో పెడతారంట, అందరూ పంచుకు తినాలంట. స్పెయిన్ దేశంలో సారా దుకాణాల్లో గ్లాసు పక్కన చిరుతిండి పెట్టే అలవాటు నుంచి ఇది వచ్చిందని ఆమె చెప్పింది. వాళ్ళు దాన్ని తపాస్ అంటారు. తాపా అంటే వాళ్ళ భాషలో మూత అంట. కూతురితో ఆ దేశం పోయొచ్చింది.

మొదటి పళ్ళెం వచ్చింది. జొన్న రొట్టెలు, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దవి, నాలుగు. వాటి మీద గోంగూర, ఆ పైన అవకాడో గుజ్జు. రెండు నిమిషాల్లో అయిపోయినయ్. ఆమె మా అన్న ఆరోగ్యం అడిగింది. రెండో పళ్ళెంలో రొయ్యలు, మూడు. ఇద్దరికి మూడు రొయ్యలు ఎట్టా పెట్టారో నాకర్థం కాలా. మూడోది నువ్వు తినంటే నువ్వు తినని పళ్ళేన్ని అటూ ఇటూ నెట్టుకున్నాం. మా వైపు చెరువు రొయ్యే అయ్యుంటది, ఏసీ లారీలో మాకంటే ముందొచ్చి కూర్చుంది అన్నాను. ఈసారి ఆమె నిజంగా నవ్వింది. బళ్ళో నవ్విన నవ్వే.

మూడో పళ్ళెంలో గోళీకాయంత రాగి ముద్దలు. ఆమె కూతురి పెళ్ళి కుదిరిందని చెప్పింది. పిల్లోడు కూతురితో పనిచేసేవాడే. భూములున్న కులం. ముందు వాళ్ళమ్మా నాన్నా ఒప్పుకోలేదంట, తర్వాత ఒప్పుకున్నారంట. డిసెంబరులో పెళ్ళి. నాకు చాలా సంతోషమైంది. ఆ పిల్లను ఎత్తుకున్నదాన్ని. 'మరి ఊళ్ళో ఎవరెవరికి చెబుతున్నావే?' అని అడిగాను. ఆమె చెంచాతో రాగి ముద్దను రెండుగా కోసింది. ఇంకా చిన్నగా నాలుగుగా కోసింది. మాట మార్చి బ్యాంకు పింఛను సంగతి చెప్పింది.

ఏదో చెప్పాలని పిలిచిందనీ, చెప్పలేకపోతోందనీ నాకు అప్పటికి తెలిసింది. ఆ హోటలు పద్ధతి దానికి బాగా కలిసొచ్చింది. ఒక పళ్ళెం పోయి ఇంకో పళ్ళెం వచ్చేలోపు మాట ఎక్కడన్నా ఆపెయ్యొచ్చు.

నాలుగో పళ్ళెం పంది. కార్డులో పోర్క్ బెల్లీ అని ఉంది, అంటే కడుపు కింద కొవ్వు మాంసం. బెల్లం, చింతపండు పాకం పట్టించారు. మూడు ముక్కలు, ఆరు వందల తొంభై రూపాయలు. ఆర్డరిచ్చింది ఆమే. ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేనూ తిన్నాను. బాగుంది. బాగాలేదని చెబితే అబద్ధం. అదే ముక్క, అదే కొవ్వు. చుట్టుపక్కల బల్లల మీద కూడా అదే తింటున్నారు. ఎవరూ ముక్కు మూసుకోవట్లా. మాంసం మారలా. తినే మనిషీ, చెల్లించే డబ్బూ మారినయ్. తట్ట కూడా అంతే. మా అమ్మ నెత్తి మీద ఉన్నప్పుడు అది ఎరుకలదాని తట్ట. దీపానికి బోర్లిస్తే అది అందం.

పళ్ళేలు తెచ్చే పిల్లోడు ఈశాన్యం వైపు కుర్రోడు. ఇరవై రెండేళ్ళుంటయ్. ఎట్టా ఉందని హిందీలో అడిగాడు. బాగుందన్నాను. వాళ్ళింట్లో వాళ్ళమ్మ పొయ్యి మీద వేలాడగట్టి పొగబెట్టి దాచుద్దని, దాని ముందు ఇదెంతని గర్వంగా చెప్పాడు. ఏ ఊరని అడిగాను. 'కోహిమా' అన్నాడు. ఛాతీ ఎత్తి అన్నాడు. తర్వాత మర్యాదకు, మీదే ఊరని మా ఇద్దర్నీ అడిగాడు.

ఆమె 'బాపట్ల' అన్నది.

నేను 'స్టూవర్టుపురం' అన్నాను.

నా కళ్ళు అలవాటు కొద్దీ అతని చెయ్యి మీదికి పోయినయ్. అతని చెయ్యి కదల్లా. పళ్ళెం పట్టుకునే ఉంది. 'స్టూవర్టా? ఇంగ్లీషు పేరు. బాగుంది' అన్నాడు. చేతిలో ఖాళీ పళ్ళెం తీసుకుని పోయాడు. నా జీవితంలో మా ఊరి పేరు విని బాగుందన్న మొదటి మనిషి ఆ పిల్లోడు. వాడికి ఆ పేరెనక ఏ కథా తెలవదు. మా సినిమాలు చూడలా. ఏమీ తెలవనోడికి అది ఒక ఊరి పేరు, అంతే.

ఆమె మొహం మాత్రం మాడిపోయింది. అప్పుడు చెప్పింది, ఒక్క గుక్కలో. 'నువ్వు పెళ్ళికి రావద్దే. నీకు దణ్ణం పెడతా. ఎస్టీ అని చెప్పాం. ఏ తెగని వాళ్ళడగలా. ఊరు బాపట్లని చెప్పాం. కులమంటే ఎట్టాగో ఒప్పుకున్నారు, ఊరంటే ఒప్పుకోరే. ఆ సినిమా గొడవప్పుడు నువ్వు మాట్లాడింది ఫోన్లలో అందరూ చూశారు. నువ్వొస్తే గుర్తుపడతారు.'

ఆమె చెప్పిన సినిమా 2023 అక్టోబరులో వచ్చిన టైగర్ నాగేశ్వరరావు. 1991లో స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్, స్టూవర్టుపురం దొంగలు అని ఒకే ఏడాది రెండు సినిమాలు తీశారు. ముప్పయ్యేళ్ళు దాటాక మళ్ళీ అదే ఊరు, అదే దొంగతనం. ఈసారి మావోళ్ళలో కొందరు హైకోర్టుకు పోయారు. కొందరం మీటింగుల్లో మాట్లాడాం. మా ఊళ్ళో టీచర్లున్నారు, నర్సులున్నారు, రైల్వేలో, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళున్నారు, వాళ్ళ మీద ఒక్క సినిమా తియ్యండని నేనన్నాను. ఆ మాటలే ఎవరో ఫోన్లలో పెట్టారు. 'బ్యాంకుల్లో' అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఈమే.

నేను గొడవ పెట్టుకోలా. 'సరేలేవే, రాను' అన్నాను. 'కానీ నన్నెవరన్నా అడిగితే బాపట్లని మాత్రం చెప్పను' అన్నాను. ఆమె తలూపింది. ఇంకా రెండు పళ్ళేలు వచ్చినయ్. ఏం తిన్నామో నాకు గుర్తులేదు. బిల్లు ఆమే కట్టింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలా. నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆమెకు చీటీ ఇచ్చిన అధికారి ఉండేవాడు. అతన్ని తిట్టుకోవచ్చు. ఇప్పుడు చీటీ లేదు, హాజరు లేదు, అధికారి లేడు. అయినా పెళ్ళి కూడు దగ్గరికి పోకూడదని రాసుంది. రాసినోళ్ళు కనబడరు. చెప్పే పని మాత్రం నా స్నేహితురాలి నెత్తిన పడింది. చట్టం పోలీసులతో చేయించిన పని ఇప్పుడు మాతోనే చేయించుకుంటంది.

విద్యార్థులు ఒక సంగతి ఆలోచించాలి. 1936లో అంబేద్కర్ కుల నిర్మూలన రాస్తూ, సహపంక్తి భోజనాల వల్ల కులం చావదనీ, కులాంతర వివాహాలు కావాలనీ చెప్పాడు. ఆయన చెప్పింది నిజం. ఆ హోటల్లో ఎన్ని కులాలోళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకే పందిని తింటున్నారో లెక్కలేదు. ఎవరికీ మైల తగల్లా. ఇప్పుడు మా ఇంటి పిల్ల కులాంతర వివాహం కూడా చేసుకుంటంది. ఆ పెళ్ళి పుట్టింటి పేరు చెప్పుకోలేకుండా జరిగితే కులం ఎంతవరకు చచ్చినట్టు? పందినీ తట్టనీ గుమ్మం దాటనిచ్చారు. ఊరి పేరుని బయటే నిలబెట్టారు. 1970ల్లో హేమలతా లవణం గారూ, లవణం గారూ మా ఊరొచ్చి సంస్కరణ పని చేశారు. మమ్మల్ని బాగుచెయ్యడానికి మనుషులొచ్చారు. మా పేరు వినగానే జేబు తడుముకునేవాళ్ళని బాగుచెయ్యడానికి ఎవరూ బయల్దేరలా. ఆ పని ఇంకా మొదలే కాలా.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసు. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు చెల్లవన్నది. కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో పైకులపోళ్ళు వంట చెయ్యాలనీ, కింది కులాలోళ్ళు పాయిఖానాలు కడగాలనీ ఉండేది. జైల్లో కూడా అన్నానికి కులం ఉంది చూడండి. విముక్త జాతులోళ్ళని పుట్టుకతో అలవాటు నేరస్థులుగా చూసే మాటలు కూడా ఆ నిబంధనల్లో ఉండేయి. వాటినీ కొట్టేసింది. మాకిది పెద్ద మాట. చట్టం పోయిన డెబ్భై రెండేళ్ళకు కూడా ఆ రాత జైలు పుస్తకాల్లో బతికే ఉందని దేశంలో పెద్ద కోర్టే ఒప్పుకుంది. ఆ వార్త ఫోన్లో ఆమెకు పంపాను. చదివినట్టు రెండు నీలం గుర్తులు పడినయ్. జవాబు రాలా.

డిసెంబరులో పెళ్ళయింది. నేను పోలా. ఆ వేళకు పిల్లను తల్చుకుని అక్షింతలు మా ఇంట్లోనే వేశాను.

వారానికి కొరియర్ కుర్రోడొచ్చి ఒక అట్టపెట్టె ఇచ్చాడు. పెద్దది. లోపల లడ్లూ, అరిసెలూ, కాజాలూ, ఒక చీర. ఉత్తరం లేదు. నాకొక్కదానికి ఐదు కిలోల స్వీట్లెందుకు? అప్పుడర్థమైంది. లేనోడి పోగు ముందు తీసిపెట్టమనే ఊళ్ళో పుట్టిన మనిషి అది. పోగు పంపింది. పెట్టె మీద అడ్రసు కొరియర్ వాళ్ళ మిషను రాత కాదు. ఆమె చేతిరాత. నా పేరు కింద, తెలుగులో, పూర్తిగా, 'స్టూవర్టుపురం, బాపట్ల జిల్లా' అని రాసింది. హాస్టల్లో మా పెట్టెలు తెరిచిన రోజు తర్వాత ఆమె చేత్తో ఆ పేరు రాయడం నేను చూసింది ఇదే మొదలు.

సాయంత్రం ఇంట్లో ఉన్న తట్ట తీసి, స్వీట్లు అందులో సర్ది, వీధిలో పిల్లల్ని ఇద్దర్ని పిలిచి ఇంటింటికీ పంపించాను. ఏ ఇల్లూ తప్పకుండా ఇమ్మన్నాను. ఎవరి పెళ్ళి స్వీట్లని అందరూ అడిగారు.

మనూరి పిల్ల పెళ్ళివి అని చెప్పాను.